చుక్కల్లో అంకెలు

ఆ వీధిలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనేవారు. బస్సు నడిపేది ఆమె కాదు, ఆమె భర్త. ఆయన పొద్దున్నే డిపోకి వెళ్ళి బస్సెక్కితే మళ్ళీ ఇంటికి ఎప్పుడు చేరతాడో ఆయనకే తెలియదు. ఇక ఇంటి బండి నడిపేది ఈవిడే గదా అని పక్కింటి ఇస్త్రీ ఆవిడ సరదాకి పెట్టిన పేరు అది. అదే నిలిచిపోయింది. డ్రైవరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నలుగురూ చేరిన చోట ఒక చివర కూర్చుని, చేతిలో ఏదో పని పెట్టుకుని, అడిగితే జవాబు చెప్పేది, లేకపోతే లేదు. చదువు నాలుగో తరగతితో ఆగింది. అంకెలు బాగా వచ్చు. అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదవాలి.

అంత నెమ్మదైన మనిషి ఏళ్ళ తరబడి ఒక రహస్యం కడుపులో పెట్టుకుని తిరిగింది. అది ఆమె కొడుకు కళ్ళకు సంబంధించింది.

కొడుకుని ఇంట్లో చిన్నోడు అనేవారు. ఉన్నవాడు ఒక్కడే. మరి పెద్దోడు ఎక్కడని ఎవరైనా అడిగితే, పుట్టినప్పుడు గుప్పెడంత ఉన్నాడు, అలా పిలిచి అలవాటైపోయింది అనేది. వాడు బళ్ళో చేరిన కొత్తలో, బుట్టలోంచి పండిన టమాటాలు ఏరి తెమ్మంటే పచ్చివీ పండినవీ కలిపి పట్టుకొచ్చాడు. పరధ్యానం అనుకుని ఒక మొట్టికాయ వేసింది. ఇంకోరోజు చెట్టు బొమ్మ గీసి ఆకులన్నిటికీ ఇటుక రంగు పూసుకొచ్చాడు. ఆమెకు నవ్వొచ్చింది. పక్కనే కూర్చుని సైకిలు ట్యూబుకి అతుకు వేస్తున్న ఆమె తమ్ముడు మాత్రం నవ్వలేదు. బొమ్మ చేతిలోకి తీసుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"అక్కా, వీడికి నా కళ్ళే వచ్చాయి" అన్నాడు.

ఆ మాటతో ఆమె గుండెల్లో రాయి పడింది. తమ్ముడి కళ్ళ సంగతి ఆమెకు తెలుసు. అతను రైలింజను నడపాలని చిన్నప్పటినుంచీ కలలు కన్నవాడు. రాత పరీక్ష గట్టెక్కాడు. పరుగు, ఎత్తు, బరువు అన్నీ గట్టెక్కాడు. చివర కళ్ళ గదిలోకి పంపి ఒక పుస్తకం చూపించారట. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. వాటిలో అంకె ఎంతో చెప్పమన్నారు. చుక్కలే ఉన్నాయి గదండీ, అంకె ఎక్కడుంది అని అమాయకంగా అడిగాడు. ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియని కళ్ళకి ఆ అంకె కనబడదని అప్పటిదాకా అతనికే తెలియదు. పక్కకు నిలబడమన్నారు. ఆ పక్కకు నిలబడ్డవాడు జన్మంతా పక్కనే ఉండిపోయాడు. ఇంకో ఉద్యోగానికి కాగితం పెట్టలేదు. పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. అక్క ఇంటి వసారాలో సైకిళ్ళు బాగుచేసుకుంటూ, ఎందుకు తిరిగొచ్చావంటే ఖాళీలు నిండిపోయాయని చెప్పుకుంటూ కాలం గడిపేశాడు.

"ఎవరికీ చెప్పకక్కా. బావకి కూడా చెప్పొద్దు. తెలిస్తే వీణ్నీ పక్కకు నిలబెడతారు" అన్నాడు ఆ రోజు.

చెప్పనని ఆమె మాటిచ్చింది. ఈ లోపం తల్లి వైపునుంచే వస్తుందని అతనెక్కడో విన్నాడు. ఆ సంగతి తెలిశాక ఆమె నోటికి ఇంకో తాళం పడింది. అప్పటినుంచి వాడి చొక్కాలు రంగు ప్రకారం వరసగా సర్దిపెట్టడం, పండు ఏదో కాయ ఏదో చేత్తో నొక్కి చూసుకోమని నేర్పడం ఆమె పనైంది. రంగు పెన్సిళ్ళ మీద ఏ రంగో తెలిసేలా ఒక్కో అక్షరం చెక్కి ఇవ్వడం మామయ్య పని. ఈ సంగతి బయట అనొద్దని వాడికీ నేర్పారు. వాడు పెరిగి పెద్దవాడయ్యాడు. మామూలు పిల్లల్లాగే కనిపించేవాడు.

పదో తరగతి అవగానే చిన్నోడు డాక్టరు చదువుతానన్నాడు. తండ్రి పొంగిపోయాడు. మేనమామ చేతిలోని రెంచీ కింద పెట్టి అక్క మొహంకేసి చూశాడు. ఆమె తల దించుకుంది. వద్దని ఏ నోటితో చెప్పాలి, చెబితే ఆయన ఎందుకని అడగడా?

మొదటిసారి ప్రవేశ పరీక్షలో సీటు కాస్తలో తప్పిపోయింది. వాడు మూడ్రోజులు ముభావంగా తిరిగి, మళ్ళీ రాస్తానన్నాడు. ఆ వానాకాలంలోనే ఆమె తమ్ముడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. పోయిన రోజున కూడా ఆమె గట్టిగా ఏడవలేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తూ, కొడుకు తిన్నాడో లేదో చూసుకుంటూ తిరిగింది. తరవాత వసారాలో రెంచీలూ గాలి పంపూ ఎవరికీ ఇవ్వనివ్వలేదు. వారానికోసారి నూనె గుడ్డతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది. ఆ రహస్యం మోసిన పెద్దవాళ్ళిద్దరిలో ఒకడు వెళ్ళిపోయాడు. ఇప్పుడు బరువంతా ఒక్క భుజం మీదే పడింది.

చిన్నోడి చదువు మళ్ళీ మొదలైంది. పొద్దున్నే కోచింగు, మధ్యాహ్నం ఇంట్లో లెక్కలూ ప్రశ్నలూ, సాయంత్రం మళ్ళీ పరీక్ష. వంటింటి తలుపుకి గుండెకాయ బొమ్మ అంటించాడు. మంచి రక్తం ఎర్రగా, చెడ్డ రక్తం నీలంగా గీసిన బొమ్మ. కండరాలూ నరాలూ ఉన్న ఇంకో బొమ్మ మాత్రం చింపేశాడు, దానిలో ఏది ఏదో వాడికి తెలియలేదు. అంతకుముందు ఇంటర్లో ఉండగా, ప్రయోగశాలలో గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా వదులుతుంటే ద్రావణం రంగు మారుతుందట, మారగానే ఆపాలట. ఎలా ఆపుతున్నావురా అని భయపడుతూ అడిగింది. పక్కవాడు ఆపగానే నేనూ ఆపుతానమ్మా, వాడు తప్పు చేస్తే ఇద్దరికీ తప్పే అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

మిగతా తల్లులందరికీ ఒకటే దిగులు, సీటు వస్తుందో రాదో అని. డ్రైవరమ్మకి రెండు దిగుళ్ళు. రాకపోతే పిల్లవాడు కుంగిపోతాడు. వస్తే కళ్ళ గదిలోకి పంపుతారు. పరీక్ష రోజున కేంద్రం బయట ఎండలో నిలబడి, బాగా రాయాలనీ మరీ బాగా రాయకూడదనీ ఒకేసారి కోరుకుంది. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు తనను తనే తిట్టుకుంది.

వాడు బాగానే రాశాడు. ర్యాంకు వచ్చింది, సీటూ వచ్చింది. తండ్రి వీధంతా మిఠాయి పంచాడు. ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోనే నిలబడి, ఇక నా నడుం నొప్పి సంగతి మీ చిన్నోడే చూసుకోవాలి, ఫీజు అడిగాడంటే మాత్రం వాడి తెల్ల కోటు కాల్చేస్తాను అని బెదిరించింది. అందరూ నవ్వారు. డ్రైవరమ్మ కూడా పెదవులు కదిపింది.

ఆ సాయంత్రం కాలేజీవాళ్ళు పంపింది చిన్నోడు పైకి చదివాడు. ఏ కాగితాలు తేవాలి, ఎన్ని ఫోటోలు తేవాలి, ఎన్నింటికి రావాలి. ఆఖరి వాక్యం దగ్గర గొంతు తగ్గింది. చేరే ముందు కాలేజీ ఆసుపత్రిలోనే ఆరోగ్య పరీక్ష ఉంటుంది, కళ్ళ పరీక్షతో సహా. చదివి తల్లికేసి చూశాడు. భోజనానికి కూర్చున్న తండ్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమైంది? సీటు వచ్చిన ఇంట్లో ఈ మొహాలేంటి?"

ఇక దాచలేకపోయింది. ఆకుల బొమ్మ దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చెప్పేసింది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ నా కళ్ళెదురుగా తిప్పుతూ, నాకే చెప్పలేదా నువ్వు?"

"తమ్ముడికి మాటిచ్చానండీ."

 బావమరిదిని ఆయన ఎప్పుడూ ఇంజను డ్రైవరుగారూ అని పిలిచి ఏడిపించేవాడు. నీ రైలు ఎప్పుడొస్తుందోయ్, నా బస్సు వేళయింది అనేవాడు. అతను కూడా నవ్వేవాడు. ఇప్పుడు అవన్నీ గుర్తొచ్చాయో ఏమో, చెయ్యి కడుక్కుని వసారాలోకి వెళ్ళి, తుడిచిపెట్టిన రెంచీల దగ్గర కాసేపు నిలబడ్డాడు.

చిన్నోడు కాలేజీకి ఫోన్ చేసి అడుగుదామన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. అడిగామంటే లోపం ఉందని మన నోటితో మనమే చెప్పినట్టు గదా అన్నాడు. తల్లికి కూడా అదే నిజమనిపించింది. అలా అడగాల్సిన ఒక్క మాట ముగ్గురూ అడగకుండా వదిలేశారు.

దాని బదులు తండ్రి డిపో పద్ధతి చెప్పాడు. డిపోలో డ్రైవర్లందరికీ ఏటా కళ్ళ పరీక్ష ఉంటుంది. చూపు మందగించిన పెద్ద డ్రైవర్లు వరసలో వెనక నిలబడతారు. ముందు వెళ్ళొచ్చినవాళ్ళు గోడమీది అక్షరాలు వాళ్ళ చెవిలో ఊదుతారు. వీళ్ళు వాటిని పాటలా నేర్చుకుని లోపలికి వెళ్ళి గడగడా చెప్పేస్తారు.

"మా దాంట్లో సగం మంది గోడ చూసి చదవరు, గోడని గుర్తు చేసుకుని చదువుతారు. ఇన్ని పుస్తకాలు మింగిన నీకు ఆ చుక్కల పుస్తకం ఒక లెక్కా?" అన్నాడు కొడుకుతో.

వాళ్ళు నడిపే బస్సుల్లో జనం ఎక్కుతారు గదా అని ఆమెకు అనిపించింది గాని పైకి అనలేదు. మర్నాడే ఆయన డిపో కాంపౌండరు దగ్గరనుంచి చుక్కల పుస్తకం అరువు తెచ్చాడు. అట్ట నలిగిన పాత పుస్తకం. ఏ డాక్టరు దగ్గరైనా ఇదే ఉంటుందని కాంపౌండరు చెప్పాడట.

డ్యూటీకి పోయే తండ్రికి తీరిక లేదు. కాబట్టి నేర్పే పని తల్లి మీద పడింది. కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని ఆమె పేజీ తిప్పేది. తమ్ముడి బతుకుని పక్కకు నెట్టిన పుస్తకాన్ని మొదటిసారి కళ్ళతో చూస్తోంది. ఆమెకు ప్రతి పేజీలోనూ అంకె చక్కగా కనబడేది, గులకరాళ్ళ మధ్య ముగ్గుపిండితో గీసినట్టు. మొదటి పేజీ దాటితే కొడుక్కి రాళ్ళే కనబడేవి. ఆమె ఎనిమిది అనేది, వాడు ఎనిమిది అనేవాడు. మొదటి పేజీ పన్నెండు, రెండోది ఎనిమిది, తరవాతది ఆరు. ఇలా వరసపెట్టి వాడి నోటికి ఎక్కించింది. వాడికి బడి పాఠం ఒక్కటీ చెప్పలేని తల్లి ఈ ఒక్క పాఠం చెబుతోంది. అదీ దొంగ పాఠం. అంకెకి బదులు వంకర దారిలా గీత ఉన్న పేజీ ఒకటుంది, దాని మీద వేలితో పోనివ్వాలి. ఆ దారిని వాడి చెయ్యి పట్టుకుని, అక్షరాలు దిద్దించినట్టు దిద్దించింది.

ఒక పేజీలో మాత్రం ఆమెకు ఏ అంకే కనబడలేదు. వాడు ముందుకు వంగి, ఇక్కడ ఐదుంది గదమ్మా అన్నాడు. ఆమెకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, కొడుక్కి కనబడిందని. సాయంత్రం తండ్రికి చెబితే ఆయన కాంపౌండర్ని అడిగొచ్చాడు. అది మంచి కళ్ళకి కనబడని అంకె, ఈ లోపం ఉన్నవాళ్ళకే కనబడుతుంది, కాబట్టి అక్కడ ఏమీ లేదనాలి అన్నాడు.

చిన్నోడు పుస్తకం మూసేశాడు. "కనబడనిది కనబడిందనాలి, కనబడింది లేదనాలి. ఇదేం డాక్టరు చదువమ్మా" అన్నాడు.

ఆమె పేజీ తెరిచి మళ్ళీ మొదటినుంచీ చెప్పమంది.

ఆ రోజు రానే వచ్చింది. తండ్రి సెలవు పెట్టి మరీ వచ్చాడు గాని, లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. నాకు నోరు ఆగదు, నువ్వే వెళ్ళు అని ఆమెను పంపి గేటు బయట నిలబడ్డాడు. బరువు, ఎత్తు, రక్తం, గుండె చప్పుడు అన్నీ సవ్యంగా అయ్యాయి.  చివరి గది వరండా చివర ఉంది. తలుపు తీసే ఉంది. లోపల తల నెరిసిన కళ్ళ డాక్టరమ్మ కూర్చుని ఉంది. చిన్నోడు ఎదుటి స్టూలు మీద కూర్చున్నాడు. డ్రైవరమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. అక్కణ్నుంచి బల్ల మీది పుస్తకం కనబడుతోంది. అదే పుస్తకం, అట్ట కొత్తదంతే. ఆమె ఊపిరి పీల్చుకుంది.

పన్నెండు అన్నాడు. ఎనిమిది అన్నాడు. డాక్టరమ్మ పేజీ తిప్పుతుండగా ఎవరో సంతకం కోసం కాగితం తెచ్చారు. ఆవిడ సంతకం పెట్టి ఇచ్చి, మళ్ళీ పుస్తకం అందుకుంది. ఈసారి రెండు పేజీలు కలిసి తిరిగాయి.

"ఆరు" అన్నాడు చిన్నోడు.

గుమ్మంలో ఉన్న ఆమెకు ఆ పేజీ స్పష్టంగా కనబడుతోంది. అక్కడున్నది ఆరు కాదు. ఇరవై తొమ్మిది.  డాక్టరమ్మ ఇంకో పేజీ తిప్పింది. వాడు అదే ధైర్యంతో ఇరవై తొమ్మిది అన్నాడు. అక్కడ యాభై ఏడుంది. ఆవిడ మరో పేజీ తిప్పింది. యాభై ఏడు అన్నాడు వాడు, తడుముకోకుండా. ప్రతి జవాబూ ఒక పేజీ వెనక నడుస్తోంది. ఆ సంగతి అక్కడున్న ఇద్దరాడవాళ్ళకీ తెలుసు. వాడొక్కడికే తెలియదు.

డాక్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది.

"బాబూ, చూసి చెబుతున్నావా, అప్పజెబుతున్నావా?"

చిన్నోడి మొహం పాలిపోయింది. తల తిప్పి గుమ్మంకేసి చూశాడు. ఆ చూపు చూశాక ఆమెకు ఇంకేం తోచలేదు. పిలవకుండానే లోపలికి వచ్చేసింది.

"వాడికి కనబడదండీ. కనబడేది నాకు. నేనే చెప్పి బట్టీ పట్టించాను" అంది. ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. "మా తమ్ముడికీ ఇవే కళ్ళు. రైలు ఉద్యోగంలో ఈ పుస్తకం చూపించి పక్కకు నిలబెట్టారు. వాడు మళ్ళీ లేవలేదు. పోయిన ఏడు పోయాడు. వీణ్ని కూడా నిలబెడతారని భయపడ్డానండీ."

డాక్టరమ్మ పుస్తకం మూసింది. 

"ఇది రైలు కాదమ్మా. ఈ కళ్ళతో మా దగ్గర చదువుకునే పిల్లలున్నారు. వాళ్ళకి ఎక్కడ సాయం కావాలో రాసుకోవడానికి చూస్తాం, తీసెయ్యడానికి కాదు. ముందే ఒక్క మాట అడిగుంటే సరిపోయేది."

ఆమెకు సగమే అర్థమైంది. తీసెయ్యరు అన్నది మాత్రం అర్థమైంది. అది లోపలికి దిగేలోగానే డాక్టరమ్మ గొంతు మారింది.

"కానీ కనబడనిది కనబడిందని చెప్పాడు. అది చిన్న సంగతి కాదు. ప్రిన్సిపాల్‌గారికి చెప్పాలి. ఆయన ఏమంటారో నేను చెప్పలేను."

చిన్నోణ్ని ఒక్కణ్నే తీసుకెళ్ళారు. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. లేని భయానికి దారి వెతికి, ఉన్న సీటుకే ఎసరు పెట్టుకున్నాం అనుకుంది. ఫోన్ చేద్దామన్నది వాడే. ఆ మాట వినుంటే? గేటు బయట ఉన్న మనిషికి ఏం చెప్పాలి? వచ్చేపోయే పిల్లలు ఆమె ముందునుంచే నవ్వుకుంటూ వెళ్తున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఫైలు, మెడలో కొత్త కార్డు. ఆ వేళ తమ్ముడు కళ్ళ గదిలోంచి బయటికొచ్చి ఇలాంటి బెంచీ మీదే కూర్చుని ఉంటాడు. పక్కన ఎవరూ లేరు. ఈ బండి కాకపోతే ఇంకో పని ఉంది నాయనా అని చెప్పినవాళ్ళు లేరు. ఇంటికొచ్చాక అక్కగా తనైనా చెప్పిందా? ఎవరికీ చెప్పకు అంటే సరేనంది. చెప్పకుండా ఉండడమే ప్రేమ అనుకుంది. ఆ ఆలోచన వచ్చిందో లేదో, పోయిన వానాకాలంనుంచీ బిగబట్టిన ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊడ్చే ఆవిడ చీపురు ఆపి, సీటు రాలేదామ్మా అని మెల్లగా అడిగింది. తెలియదమ్మా అని చెప్పింది డ్రైవరమ్మ. అదే నిజం.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చిన్నోడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ప్రిన్సిపాల్‌గారు తిట్టారన్నాడు. రేపు రోగి ముందు కూడా ఇలాగే అప్పజెబుతావా అని అడిగారట. వీడు చెయ్యను సార్ అన్నాడట. ఏ రంగులు తెలియవో నీ చేత్తో రాసి సంతకం పెట్టు అన్నారట. రాసిచ్చానమ్మా అన్నాడు.

"రాశాక?"

"చేరమన్నారు."

ఆమె వాడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

చేరే గది కిటికీ ముందు పెద్ద వరస ఉంది. ఆమెను బెంచీ మీద కూర్చోమని వాడు వెళ్ళి నిలబడ్డాడు. గుమాస్తా కాగితాల మీద ముద్ర వేసి, గులాబీది నువ్వు ఉంచుకో, పచ్చది పక్క కిటికీలో ఇవ్వు అని రెండూ చేతిలో పెట్టి తరవాతవాళ్ళని పిలిచాడు. చిన్నోడు పక్క కిటికీ వరసలో చేరి రెండు కాగితాలూ అటూ ఇటూ తిప్పుతున్నాడు. దూరంనుంచే ఆమెకు తెలిసిపోయింది. లేచి నిలబడింది. రెండడుగులు వేసింది.

ఈలోగా వాడు వెనకనున్న అమ్మాయి వైపు తిరిగాడు.

"వీటిలో పచ్చది ఏది? నాకు ఆ రంగు తెలియదు."

అంత పెద్ద మాట వాడు అందరిలో అనేసేసరికి డ్రైవరమ్మకి గుండె ఆగినంత పనైంది. ఆ అమ్మాయి కాగితాలకేసి ఒకసారి చూసి, కిందది అని చెప్పి, నీకు హాస్టల్లో ఏ గది ఇచ్చారని అడిగింది. ఇంకా ఇవ్వలేదన్నాడు వాడు. ఎవరూ తిరిగి చూడలేదు. ఎవరూ పక్కకు రమ్మనలేదు. వరస ఒక అడుగు ముందుకు జరిగింది, వాడూ జరిగాడు. ఆమె వేసిన రెండడుగులూ వెనక్కి వేసి బెంచీ మీద కూర్చుంది.